పగిలిన నక్షత్రమును కోలారు గనియు



యోబు గ్రంథము 28వ అధ్యాయములో మనుష్యుడు చీకటిలో గని త్రవ్వి లోహములు వెదకుట వర్ణింపబడినది. కుప్పము వారికి దీనిని వివరింప నక్కరలేదు. బంగారుపేటలో బండి మారి, మారికుప్పములో దిగి, కోలారు గనిలో పని చేసిన తాతలు గలవారు మనలో నున్నారు.

ఆ గనిలో బంగారము గాక మరియొకటియు దొరికినది.

ఆకాశమునుండి భూమిమీదికి విశ్వకిరణములు ఎడతెగక పడుచున్నవి. 1912లో ఆస్ట్రియా దేశస్థుడైన విక్టర్ హెస్ బెలూనులో పైకెక్కి వీటిని కనుగొనెను. పేరుకు కిరణములే గాని, నిజమునకు ఇవి మహావేగముగల అణుశకలములు. మిక్కిలి పెద్ద నక్షత్రము ఇంధనము తీరగానే లోనికి కూలి పేలును. ఆ పేలుడు అలలలో చిక్కి కణములు ఇంత వేగము పొందునని పండితులు తలంచిరి. 2013లో ఫెర్మి ఉపగ్రహము అట్టి రెండు నక్షత్రముల శేషములను చూచి గట్టి సాక్ష్యము తెచ్చెను.

వీటివలన పిల్లలకు హాని కలుగునా అని మదనపల్లెలో ఒక తల్లి అడిగెను. గాలి పొర మనకు కప్పుగా నున్నదమ్మా. అది చాలవరకు అడ్డగించును. గాలిని ఢీకొన్నప్పుడు పుట్టిన చిన్న కణములు మాత్రము నేలకు చేరును. చాపిన అరచేతిగుండ సుమారు సెకనుకొకటి పోవును. మన తాతల కాలమునందును ఇట్లే పోయెను. గ్రహణమునాడు కుండలపై దర్భ వేసినట్లు దీనికేమియు వేయ నక్కరలేదు.

గాలిలో పుట్టు కణములలో న్యూట్రినో అనునది విచిత్రమైనది. భూగోళమునైనను దూరి అవతలికి పోవును. దానిని పట్టవలెనన్న తక్కిన కణములు చేరలేని లోతు కావలెను. బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు, జపానువారు, ఇంగ్లండువారు కలిసి కోలారు గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున యంత్రములు నిలిపిరి. పైనుండి వచ్చువాటిని అంత రాయి ఆపివేయును. కాబట్టి ప్రక్కనుండి అడ్డముగా వచ్చిన జాడ న్యూట్రినో పుట్టించినదే. 1965లో ఆ జాడ కనబడెను. దక్షిణాఫ్రికా బంగారు గనిలోను ఆ సంవత్సరమే కనబడెను. 1987లో, 1,60,000 కాంతి సంవత్సరములకు పైగా దూరమున పగిలిన నక్షత్రమునుండి సూటిగా వచ్చిన న్యూట్రినోలు జపాను గనిలో చిక్కెను.

కోలారులో ఆ లోతును త్రవ్వినది పండితులు కారు. రాతిదుమ్ము పీల్చి, దగ్గుతో ఇల్లు చేరిన కూలీలు త్రవ్విరి. వారి పేర్లు ఏ శాస్త్రపత్రికలోను లేవు. గని 2001లో మూయబడెను. సొరంగములలో నీరు నిండినది. కుప్పము, పుంగనూరు ప్రాంతములనుండి గనికి పోయిన పెద్దలు మీ యింట నుండినయెడల, వారి పేర్లును పని చేసిన సంవత్సరములును వచ్చు ఆదివారము ఆరాధన తరువాత సంఘపు పుస్తకములో వ్రాయించుడి.