ఆర్డర్ బుక్ ఒక్కటే చూసి చేరకండి

వరంగల్ మట్టెవాడ నుంచి నిట్‌కో, మరో కాలేజీకో వెళ్లి సివిల్ చదువుతున్న పిల్లలు ఎక్కువగా అడిగేది, పెద్ద నిర్మాణ కంపెనీలో ఉద్యోగం ఎలా వస్తుందని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఏ కంపెనీ పదేళ్లు నిలబడుతుందనేది. ఆ జవాబు కంపెనీ వార్షిక నివేదికలో ఉంటుంది. షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలవి వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

హైదరాబాద్ కంపెనీలనే తీసుకోండి. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2011లో ఆస్ట్రేలియాలోని గ్రిఫిన్ కోల్‌ను కొనేంతగా ఎదిగింది. అప్పుల భారంతో 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, మరుసటి ఏడాదే లిక్విడేషన్ ఉత్తర్వులు వచ్చాయి. ఐవీఆర్‌సీఎల్‌కు 2019లో అదే గతి పట్టింది. 1978లో మొదలైన ఎన్‌సీసీ మాత్రం 2024 మార్చి నాటికి 57 వేల కోట్ల రూపాయలకు పైగా పనులతో ఉంది. బ్రిటన్‌లో నిర్మాణ సంస్థ కారిలియన్ 2018 జనవరిలో కూలిపోయిన నాటికి బాకీలు దాదాపు 700 కోట్ల పౌండ్లు, చేతిలో నగదు 2.9 కోట్లే. ఆ కంపెనీ కూలింది పనులు లేక కాదు, డబ్బు ఆడక.

అందుకే ఆర్డర్ బుక్‌తో, అంటే చేతిలో ఉన్న పనుల విలువతో పాటు అప్పు, క్లయింట్ల నుంచి రావాల్సిన బకాయిలు, వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదు చూడండి. లాభం చూపిస్తూ నగదు ఏళ్ల తరబడి మైనస్‌లో ఉంటే, జీతాలు ఆలస్యమయ్యే రోజు దూరంలో లేదనే నేను అనుకుంటాను.

ఆ నగదును కాపాడేది హెడ్డాఫీసు ఒక్కటే కాదు, సైట్ ఇంజనీరు కూడా. విదేశీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే ఫిడిక్ కాంట్రాక్టు ప్రకారం, డ్రాయింగ్ ఆలస్యమై పని ఆగితే, ఆ సంగతి తెలిసిన 28 రోజుల్లోగా క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. గడువు దాటితే అదనపు సమయం, సొమ్ము రెండూ పోయినట్టే. ఏ రోజు ఎంతమంది కూలీలు, ఏ మెషిన్ ఖాళీగా నిలబడింది, ఎవరు ఆపమన్నారు, ఇవన్నీ డైలీ రిపోర్టులో తేదీతో రాసిన కుర్రాడి కాగితమే రేపు క్లెయిమ్‌కు ఆధారం. కాంట్రాక్టు హక్కును వదులుకోని ఇన్‌ఫ్రా సంస్థ జీఎంఆర్ కథ గుర్తు పెట్టుకోండి. 2010లో గెలుచుకున్న మాలే విమానాశ్రయం కాంట్రాక్టును మాల్దీవుల ప్రభుత్వం 2012లో రద్దు చేస్తే, ఆర్బిట్రేషన్‌లో పోరాడి 2016లో దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం సాధించింది.

కాంక్రీటు డిజైన్ బాగా వచ్చినవాళ్లు మనలో చాలామందే. ఎంబీ (మెజర్‌మెంట్ బుక్) రాయడం, రన్నింగ్ బిల్లు తయారుచేయడం, కాంట్రాక్టు క్లాజు చదివి ఉత్తరం రాయడం వచ్చినవాళ్లు తక్కువ. గల్ఫ్‌లో క్వాంటిటీ సర్వేయర్లకు, ప్లానింగ్ ఇంజనీర్లకు ఉన్న గిరాకీ అందుకే. మొదటి రెండేళ్లు సైట్ వదలకండి. ఆ తర్వాత ఇష్టముంటే శామీర్‌పేట దగ్గరి నిక్‌మార్ లాంటి చోట నిర్మాణ నిర్వహణ చదవొచ్చు. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు జీతంతో పాటు ఏ ప్రాజెక్టు, క్లయింట్ ఎవరు, బిల్లులు ఎన్నాళ్లకు వస్తున్నాయని కూడా అడగండి.