గాలితిత్తుల బండి తన లోపమును తానెట్లు కనిపెట్టును?

దుర్గి ప్రాంతపు రైతులు మిర్చి బస్తాలను గుంటూరు యార్డునకు చేర్చుటకు లారీని, దూరప్రయాణమునకు బస్సును ఆశ్రయించుచున్నారు. మన సరుకు మోయు లారీలలో పెక్కింటికి ఇరుసులపై ఇనుప కమానులే యున్నవి. దూరము పోవు పెద్దబస్సులకును, కొన్ని భారీ వాహనములకును కమానులకు మారుగా గాలితిత్తులు అమర్చబడి యున్నవి. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థవారి గరుడ బస్సులు ఇట్టివే. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1953లోనే గ్రేహౌండు బస్సులకు ఈ యేర్పాటు చేసిరి. ఇందులో లోపము కలిగినప్పుడు బండి యేమి చేయునో, మన మేమి చేయవలయునో యెరుగుట ప్రాణమునకును సరుకునకును క్షేమకరము.

కమ్మరి కొలిమితిత్తి మనకు తెలిసినదే. బండితిత్తి మందమైన రబ్బరుతో చేయబడి, చట్రమునకును ఇరుసునకును నడుమ నుండును. ఇంజను త్రిప్పు కంప్రెషరు గాలిని కుదించి ట్యాంకులలో నింపును. బరువెక్కినప్పుడు చట్రము క్రిందికి దిగును. అప్పుడు ఇరుసునకు తగిలించిన చిన్న చేయి కదలి, వాల్వును తెరచి, తిత్తిలోనికి గాలిని పంపును. బరువు దించినప్పుడు ఆ చేయియే గాలిని వెలికి వదలును. కావున బండి యెత్తు ఎల్లప్పుడు ఒక్కతీరుగ నుండును. క్రొత్త బండ్లలో ఈ చేతికి బదులు ఎత్తును కొలుచు సెన్సారులును, పీడనమును కొలుచు సెన్సారులును, వాల్వులను నడపు ఎలక్ట్రానిక్ పెట్టెయు నుండును.

ఆ పెట్టె లోపమును మూడు విధముల పసిగట్టును.

మొదటిది: తీగె తెగినను, ఒకదాని కొకటి తగిలినను, సెన్సారు నుండి వచ్చు సంకేతము ఉండవలసిన హద్దులను దాటును. ఇది త్వరలోనే తెలియును.

రెండవది: చెప్పిన పని జరిగినదా లేదా యని చూచుట. మనము మడికి తూము తెరచి, చాలినంత వేళ గడచినను నీరు నిలువకున్నచో, తూము పూడినదో గట్టు తెగినదో యని తలంతుము. అట్లే పెట్టె వాల్వును తెరువ నాజ్ఞ యిచ్చి, నియమిత కాలములో ఎత్తు పెరుగకున్నచో లోపమున్నదని నిశ్చయించును. తిత్తి చినిగినదో, వాల్వు బిగిసినదో వెదకి తేల్చుట మెకానిక్కు పని.

మూడవది: ట్యాంకులోని గాలి పీడనము తగ్గుటను గమనించుట.

గుంతలో చక్రము పడినప్పుడు ఎత్తు క్షణకాలము మారును. అది లోపము కాదు. అందుచేత పెట్టె తొందరపడక, కొంతసేపటి కొలతలను సరాసరి చేసి చూచును.

లోపము నిశ్చయమైన పిమ్మట డ్రైవరు ముందు హెచ్చరిక దీపము వెలుగును. లోపపు గుర్తు పెట్టెలో నిలిచి, మెకానిక్కునకు దారి చూపును. లోపము పెద్దదైనచో పెట్టె ఎత్తును సవరించుట మానుకొనును. తప్పు కొలతను నమ్మి గాలిని నింపుటకంటె, ఉన్నది ఉన్నట్లు నిలుపుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు. బ్రేకునకును తిత్తులకును గాలి ఒకే కంప్రెషరు నుండి వచ్చును. తిత్తి పగిలి గాలియంతయు పోవుచుండగా, రక్షణ వాల్వు ఆ దారిని మూసి, బ్రేకు పాలు నిలుపును. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలను తిండికి వాడక దాచుకొనుట వంటిదే యిది.

అయినను యంత్రము కనిపెట్టజాలనివి రెండు గలవు. పాతరీతి చేతివాల్వునకు జ్ఞాపకము లేదు, దీపము లేదు. తిత్తి కొంచెము కొంచెముగ కారుచున్నను, ఇంజను నడచునంతవరకు ఆ నష్టము పూరింపబడుచు కనబడదు. రాత్రి నిలిపిన బండి ఉదయమునకు ఒక ప్రక్కకు ఒరిగియున్నచో అది కారుటకు గుర్తు. సబ్బునీళ్లు పూసిన కారుచోట బుడగలు లేచును. ఇక రెండవది బరువు. కమానుల బండిలో బస్తాలు మితిమీరినచో కమాను వంగి కంటికి తెలియును. తిత్తులబండి అంత బరువుతోను సమముగనే నిలుచును. కంటిని నమ్మరాదు. కాటా చీటీనే నమ్మవలయును.

సభ్యులు ఈ మూడు మాటలను గుర్తుంచుకొనవలయును. ఎఱ్ఱదీపము గాని, గాలి తగ్గినదని బజరు గాని వచ్చినచో డ్రైవరును తొందరపెట్టక బండిని ప్రక్కకు నిలుపనీయవలయును. పసుపుదీపమైనచో మెల్లగ మరమ్మతుశాలకు పోవచ్చును. తిత్తిలోపల గట్టి రబ్బరు దిమ్మ యుండి, గాలి పోయిన బండిని మోయును. అది కొద్దిదూరము మెల్లగ కదలుటకే గాని, నిండు బరువుతో గుంటూరు చేరుటకు కాదు. కడపటిది, మరువరానిది: చట్రమునకు గట్టి ఇనుపకాళ్లు మోపనిదే ఎవరును తిత్తులబండి క్రిందికి దూరరాదు. గాలి జారిన క్షణముననే చట్రము దిగును. జాకీ యొక్కటే చాలునను భ్రమ ప్రాణము తీయగలదు.