థాలరును తూచు విధము

వడ్డాది



నీ చేతికి జర్మను దేశపు పాత థాలరొకటి వచ్చినదనియు, దానిపైనున్న ప్రభువెవరో తెలియక చిక్కుపడితిననియు వ్రాసితివి. ప్రభువు మాట తరువాత. ముందు త్రాసు తీయుము.

బొహీమియాలోని యోఆఖిమ్‌స్తాల్ గనుల వెండితో 1520 ప్రాంతమున ష్లిక్ ప్రభువులు కొట్టించిన పెద్ద నాణెములనుండి ఈ థాలరుకు పేరు వచ్చినది. పైన చక్రవర్తి యొకడున్నను, జర్మను సీమలలో రాజులు, బిషప్పులు, నగరములు తమతమ టంకశాలలను నడుపుకొనుచుండిరి. మన మాడుగుల, బొబ్బిలి, విజయనగరములు దేనికది వెండి కొట్టుకొన్నచో నెట్లుండునో ఊహించుకొనుము. ఆ గందరగోళము నదుపుచేయుటకై 1566లో వెలువడిన సామ్రాజ్య శాసనము, కొలోన్ మార్కు అనబడు సుమారు 234 గ్రాముల శుద్ధరజతమునుండి తొమ్మిది థాలరులు మాత్రమే తీయవలెనని నిర్ణయించినది. అనగా ఒక్కొక్కదానిలో ఇంచుమించు 26 గ్రాముల వెండి, రాగితో గూడి 29.2 గ్రాముల తూకము. 1835 నాటి కంపెనీ రూపాయి సరిగా తులమెత్తు గనుక, ఒక పళ్లెమున థాలరును, రెండవదానిలో రెండు రూపాయలను, ఒక అర్ధరూపాయిని వేసినచో ముల్లు నడుమ నిలువవలెను. అరుగుదలకు కొంత వదలుము. 1750 తరువాతి ప్రష్యా థాలరైనచో ఈ లెక్క పనికిరాదు. అచట మార్కునకు 14 కొట్టిరి.

తూకము కుదిరినంతమాత్రమున నమ్మకుము. నాణెమును దారమున వ్రేలాడదీసి నీట ముంచి మరల తూచుము: మంచి థాలరు 2.8 గ్రాములంత తేలికపడును; రాగి పాలు హెచ్చినకొలది ఆ తగ్గుదలయు హెచ్చును.

ఇంత అనుమానమెందుకందువేమో. ముప్పదేండ్ల యుద్ధపు తొలినాళ్లలో, 1619 మొదలు 1623 వరకు, సైన్యములను పోషింపలేని ప్రభువులు చిల్లర నాణెములలో రాగి కుమ్మరించి, వానిని పొరుగు సీమలలోనికి తోలి, అచటి మంచి వెండిని రాబట్టి కరగించిరి. థాలరు చెడలేదు, చెడిన చిల్లరలో దాని వెల మాత్రము ఆకాశమంటెను. చిల్లరతో కూలి పుచ్చుకొన్నవాడు రొట్టె కొననేరకపోయెను. నాణెముమీది మొగమెంత గంభీరముగా నున్నను లోపలి వెండికి అది హామీ కాదని నాటివారు కడుపు కాలి తెలిసికొనిరి. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నమున వర్తకమునకు దిగిన డచ్చివారు మన నేతబట్టలకై తెచ్చిన వెండి విషయమునను, మన షరాబులకు కావలసినది తూకమును వన్నెయునే గాని పరదేశపు బొమ్మ గాదు. నాకు వారి పద్ధతియే నచ్చును.

ఒక్కమాట: నల్లబడినదని చింతపండుతో తోమెదవేమో, ఆ పని చేయకుము. ముద్రలోని సన్నని గీతలు అరిగిపోవును; తరువాత కొనవచ్చినవాడు మొగము చాటువేయును.