దుకాణములో స్వతంత్రాలోచన

యజమాని పది దినములు ఊరిలో లేకపోయినచో మన దుకాణము నడచునా? ప్రతి వర్తకుడును తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న యిది. తలుపులు తీయుట, చిట్టా వ్రాయుట మాత్రమే నడచుట కాదు. క్రొత్తగా వచ్చిన చిక్కును అక్కడనున్నవారు తేల్చగలరా అనునదే అసలు పరీక్ష.

ఒక బట్టల దుకాణమును తలచుకొనుడు. పొరుగూరి చిల్లర వర్తకుడు వచ్చి, నిన్న కొనిన తానులో నేత లోపము చూపి, మార్చి యిమ్మన్నాడు. లోపము గుమాస్తాకును కనబడుచునే యున్నది. అయినను, "షావుకారుగారు సాయంత్రము వస్తారు, అంతవరకు ఆగండి" అన్నాడు. వచ్చినవాడు ఆగలేదు, ఎదుటి దుకాణమునకు పోయినాడు. తాను మిగిలినది గాని, ఖాతా పోయినది. దోషము గుమాస్తాది కాదు. "చెప్పినది చేయుము" అను మాట తప్ప అతడు మరియొకటి యెన్నడును వినలేదు.

ఇట్టి సందర్భమున వాల్‌చంద్ హీరాచంద్ గారి జీవితము తలచుకొనదగినది. 1882లో షోలాపురమున దిగంబర జైన కుటుంబములో జన్మించిరి. ఇంటి వ్యాపారము వడ్డీ, ప్రత్తి. ఆయన మనస్సు అందులో నిలువలేదు. పూర్వము రైల్వేలో గుమాస్తాగా నుండిన లక్ష్మణరావు ఫాటక్ గారితో కలిసి రైలు మార్గముల కంట్రాక్టులు పట్టిరి. పని యెరిగిన ఆ గుమాస్తాను జీతగాడుగా గాక భాగస్థునిగా చేసికొనిరి. సంస్థ పేరులో ఫాటక్ పేరే ముందున్నది. తరువాత మిత్రులతో కూడి సింధియా నౌకా సంస్థను స్థాపించిరి. 1919 ఏప్రిల్ 5న వారి 'లాయల్టీ' నౌక బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. 1941లో విశాఖపట్టణమున నౌకా నిర్మాణ కేంద్రమునకు పునాది పడినది. అక్కడ తయారైన 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. ప్రత్తి బేరముతోనే తృప్తిపడి యుండినచో ఆయన ఇంతటి కార్యములకు పూనుకొనియుండెడివారు కారు.

మనమందరము ఓడలు కట్టనక్కరలేదు. కాని మన దుకాణములో ఆలోచించువారిని తయారు చేయవచ్చును. అందుకు మూడు పనులు కలవు.

మొదటిది, ముందుగా అడుగుట. పెద్దవారు తమ అభిప్రాయము చెప్పిన పిదప అడిగినచో అందరును "చిత్తం" అందురు. కనుక, "నీవైతే ఏమి చేస్తావు?" అని మొదటనే అడుగవలెను. అనేకాంతవాదమును విన్న మనకు ఇది క్రొత్త కాదు. ధరల పోకడ షావుకారు చూచును; కొనువాని ముఖము గుమాస్తా చూచును. రెండును కలిసిననే బేరము పూర్తిగా తెలియును.

రెండవది, హద్దు చెప్పుట. ఎంతవరకు ధర తగ్గించవచ్చును, ఎవరికి ఎంత అరువీయవచ్చును, ఏ సరకు మార్చియీయవచ్చును అనునది స్పష్టముగా చెప్పవలెను. ఆ హద్దులో అతడు చేసిన నిర్ణయమును కొనువాని యెదుట కొట్టివేయరాదు. ఒక్కసారి కొట్టివేసినచో, మరల అతడు నోరు విప్పడు.

మూడవది, చిన్న నష్టమును భరించుట. ఇది కష్టమైనది. రాత్రి చిట్టా చూచునపుడు, "ఎంత పోయినది?" అని కాక, "ఏమి ఆలోచించి చేసితివి?" అని అడుగవలెను. ఆలోచించి పొరబడినవానికి నేర్పవలెను, అజాగ్రత్తపరుని హెచ్చరించవలెను, మోసగానిని మాత్రము ఉంచుకొనరాదు. స్వతంత్రాలోచన యనగా లెక్క చెప్పకుండుట కాదు. తన నిర్ణయమునకు తానే లెక్క చెప్పుట.

గుమాస్తాల విషయము సరే, మన బిడ్డల మాట యేమి? ముప్పది యేండ్లు వచ్చినను గల్లాపెట్టె తాళము తప్ప మరేదియు నప్పగింపబడని కుమారులు, చదువుకొనియు దుకాణము గడప యెక్కని కుమార్తెలు మన యిండ్లలో లేరా? తండ్రి మంచాన పడిన నాడు వారికి ఒక్కసారిగా అంతయు నేర్పుట సాధ్యమా?

రానున్న దీపావళికి క్రొత్త పద్దు పుస్తకము తెరచునపుడు, ఒక చిన్న పనిని పూర్తిగా ఒకరికి అప్పగించుడు. ఒక సరకు కొనుగోలు గాని, ఒక వీధి ఖాతాలు గాని చాలును. సంవత్సరాంతమున ఆ పద్దులో లాభమెంతయో చూచుకొనుడు. దానితోబాటు మనిషి యెంత యెదిగెనో కూడ చూచుకొనుడు.