సాయంకాలపు ఎరుపు, మన తీరము
(మత్తయి 16వ అధ్యాయము 2, 3 వచనములు ధ్యానించుటకు)



మన పల్లెలలోని యౌవనస్థులు సాయంకాలమున సముద్రపు ఒడ్డున నిలిచి సెల్‌ఫోనులతో సూర్యాస్తమయమును ఛాయాచిత్రములు తీయుచున్నారు. మంచిదే. అయితే ఆకాశము ఎర్రగా నున్నది గనుక రేపు వేటకు పోవచ్చునని కొందరు చెప్పగా వింటిమి. అందుకు ఆధారముగా పైవచనములనే చూపుదురు.

ప్రభువు ఆ మాట పలికిన దేశమునకు సముద్రము పడమట నున్నది. వానలు మధ్యధరా సముద్రము మీదుగా ఆ దిక్కునుండియే వచ్చును. సాయంకాలపు ఎండ గాలిలో మిక్కిలి దూరము సాగివచ్చుటచేత నీలము చెదరిపోయి ఎరుపు మిగులును. ఎరుపు చక్కగా కనబడినయెడల పడమట దట్టమైన మబ్బు అడ్డులేదన్నమాట. వాన రావలసిన దిక్కు తేటగా నుండెను గనుక అక్కడివారి లెక్క సరియే.

మనకో, సముద్రము తూర్పున నున్నది. సూర్యుడు తాటితోపుల వెనుక అస్తమించును. అక్టోబరు, నవంబరు నెలలలో తుఫానులు బంగాళాఖాతమునుండి వచ్చును. పడమటి ఎరుపు వాటినిగూర్చి ఏమి చెప్పగలదు? పైగా తుఫానుకు ముందుగా పరచుకొను ఎత్తైన పలుచని మేఘములపై అస్తమయకాంతి పడి ఆకాశము మరింత అందముగా ఎర్రబడవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సముద్రమువైపునుండియే వచ్చెను, వేలమంది చనిపోయిరి. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును కొట్టిన హుద్‌హుద్ తుఫానును ఆ వైపునుండియే వచ్చెను.

కనుక చిత్రములు తీయువారు సూర్యుడు దిగగానే ఇంటికి మరలకుడి. ఎత్తైన మేఘములకు మంచి రంగు ఆ తరువాతనే వచ్చును. పదిహేను నిమిషములు ఓపిక పట్టుడి. ఫోను తనంతట తానే వెలుతురు హెచ్చించి ఎరుపును తెల్లబరచును. తెరమీద వెలుగుచున్న భాగమును వ్రేలితో తాకి కాంతిని తగ్గించుకొనవలెను. పిమ్మట వెనుకకు తిరిగి సముద్రమువైపు ఒక చిత్రము తీయుడి. (అందమైనది ఇటువైపున్నప్పుడు అటు ఎవరు చూతురు!) తేటగా నున్న సాయంకాలమున అక్కడ నీలి బూడిదరంగు పట్టీ ఒకటి మెల్లగా పైకి లేచును, దానిపైన గులాబీ వన్నె యుండును. అది మబ్బు కాదు, భూమి నీడ. ఆ పట్టీ కానరాక తూర్పంతయు మూసికొనియున్నయెడల ఆ సంగతియు, తేదీయు వ్రాసి యుంచుడి. ఒకే చోటనుండి ఏడాది పొడుగున తీసిన జంట చిత్రములు మన ఊరి వాతావరణమునకు మంచి లెక్కపుస్తకమగును.

అయినను పడవ దించుటకు ఆ చిత్రములు చాలవు. వాతావరణశాఖ హెచ్చరికలున్నవి, ఓడరేవులలో ఎగురవేయు 1 మొదలు 11 వరకు ప్రమాద సూచికలున్నవి. వేటకు పోవువారి ఇంట చదువు రాని పెద్దలుందురు. చిత్రము తీసిన ఆ ఫోనులోనే ఆ రాత్రి హెచ్చరికను చూచి, పడవ కదలకముందే వారికి చదివి వినిపింపుడి.