ఇంటి మెయిల్, ఇంటి క్యాలెండర్: ఐరాల వైపు ఇళ్లకు కొన్ని చిట్కాలు

ఆండ్రాయిడ్ ఫోన్ కొన్న ప్రతి ఇంట్లోనూ జీమెయిల్ ఉన్నట్టే. ఫోన్ తెరిచిన రోజే షాపతనో పక్కింటి పిల్లాడో ఒక ఐడీ చేసి ఇస్తాడు. దాని పాస్‌వర్డ్ ఏమిటో ఆ పూట దాటాక ఎవరికీ గుర్తుండదు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), ఇన్సూరెన్సు, తిరుమల టికెట్లు అన్నీ అందులోకే వస్తాయి, గడువు దాటాక కంటపడతాయి. ఆఫీసు ఉద్యోగులకు రాసే చిట్కాలు మనకు పెద్దగా అక్కరకు రావు. ఇన్‌బాక్స్‌ను రోజూ ఖాళీ చేయాలని బెంగళూరులో తాపత్రయపడతారు, పడనివ్వండి. మన ఇళ్లకు పనికొచ్చే మెయిళ్లు ఏడాదికి ఏ పదో పదిహేనో. ఇల్లంతటికీ కావలసిన ఆ పదీ ఒక్కరి ఫోన్‌లో, అడ్వర్టైజ్‌మెంట్ల కింద పడి ఉంటాయి. ఈ చిట్కాలన్నీ వాటిని ఇంట్లో ఎవరికైనా దొరికేలా చేయడానికే.

1. నెట్ సెంటర్ అతని మెయిల్ ఐడీతో దరఖాస్తు పెట్టకండి.
పిల్లల అప్లికేషనుకో పాన్ కార్డుకో వెళ్తాం. “మెయిల్ ఐడీ చెప్పన్నా” అంటాడు. మనం తెల్లమొహం వేస్తే “పర్లేదులే, నాది వేస్తా” అంటాడు. అతను చేసేది సాయమే. కానీ ఆ ఒక్క ఇన్‌బాక్సులోకి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరి హాల్ టికెట్లూ సీటు అలాట్‌మెంట్లూ వచ్చి పడుతుంటాయి. మీ అమ్మాయికి రెండో విడత కౌన్సెలింగ్‌లో సీటొచ్చిందంటే అతను చూడాలి, ఎవరిదో పోల్చుకోవాలి, గడువులోపు మీకు ఫోన్ చేయాలి. అంత భారం అతని మీద పెట్టడం ధర్మం కాదు, మనకు క్షేమమూ కాదు.
దరఖాస్తుకు వెళ్లే ముందు రోజు రాత్రే ఇంట్లో కూర్చుని పిల్లల పేరున ఒక మెయిల్ తెరవండి. హీరో పేర్లూ 143లూ తగిలించొద్దు, రేపు ఉద్యోగానికీ అదే ఇవ్వాలి. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని పోండి. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకున్నా ఒకటే. అక్షరం తప్పితే మాత్రం ఉత్తరం ఇంకెవరికో పోతుంది. అతను సబ్మిట్ నొక్కేలోపు స్క్రీన్ మీ వైపు తిప్పించుకుని మెయిల్ గడి, ఫోన్ నంబర్ గడి, ఈ రెండూ అక్షరం అక్షరం చదవండి.

2. పాస్‌వర్డ్ పాసుపుస్తకాల సంచిలో ఉండాలి.
కాగితం మీద రాయకూడదని పట్నంలో చెబుతారు. ఇంట్లో బీరువా ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదు. భూమి పాసుపుస్తకం, రేషన్ కార్డు పెట్టే కవరులోనే మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్, దానికి ఇచ్చిన ఫోన్ నంబర్ రాసి పెట్టండి. బ్యాంకు పిన్, యూపీఐ పిన్ మాత్రం రాయొద్దు. రికవరీ నంబర్ ఇప్పటికీ వాడుతున్న సిమ్‌దేనా అన్నది చూసుకోండి. రీచార్జి చేయకుండా వదిలేసిన నంబర్ కొన్నాళ్లకు వేరేవాళ్లకు పోతుంది, ఆ తర్వాత ఓటీపీ వాళ్లకే మోగుతుంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయొచ్చు కూడా. పెద్దవాళ్ల పేరుతో చేసిన ఐడీలు ఉంటే అప్పుడప్పుడూ తెరిచి చూడండి.

3. గుడ్ మార్నింగ్ బొమ్మలు హాల్ టికెట్‌కు అడ్డం పడకుండా చూడండి.
చాలామందికి తెలియని సంగతి ఇదే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగా ఒక్క మెయిల్‌ది కాదు. ఫోటోలు, డ్రైవ్, మెయిల్ మూడూ దాన్నే పంచుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే లెక్క. అందువల్ల ఏమవుతుందో చూడండి. తెల్లారి లేస్తే నాలుగు గ్రూపుల్లో వినాయకుడి బొమ్మలు, మనవడి పుట్టినరోజు వీడియో, ఎవరో పంపిన జాతర వీడియో. అన్నీ గ్యాలరీలో చేరి, అక్కణ్ణుంచి బ్యాకప్‌లోకి ఎక్కుతాయి. 15 జీబీ నిండిన రోజున మెయిల్ రావడం ఆగిపోతుంది. పంపిన వాళ్లకు ఉత్తరం తిరిగి వెళ్తుంది తప్ప మన ఫోన్‌లో దాని జాడే ఉండదు.
వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. చాట్ బ్యాకప్‌లో “ఇన్‌క్లూడ్ వీడియోస్” తీసేయండి. చాట్స్‌లో మీడియా విజిబిలిటీ ఆపితే బొమ్మలు గ్యాలరీలోకి రావు. ఇక మెయిల్ సంగతి. సెర్చ్ డబ్బాలో ఇంగ్లీషులో లార్జర్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 10ఎం అని వేస్తే 10 ఎంబీ దాటిన మెయిళ్లన్నీ వరసగా వస్తాయి. పనికిరానివి తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. చేయకపోతే అవి 30 రోజులు అక్కడే జాగా తింటూ ఉంటాయి.

4. గోడ క్యాలెండర్ దించకండి.
టీటీడీ క్యాలెండరో కిరాణా కొట్టు ఇచ్చిందో, తిథి, వర్జ్యం, రాహుకాలం చూడటానికి దాన్ని మించింది లేదు. గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలు పోయని రోజు పెన్నుతో గుర్తు పెట్టుకోవడానికీ అదే మేలు. కానీ గోడ క్యాలెండర్ మోగదు. మోగవలసినవి మాత్రమే ఫోన్‌లో ఎక్కించండి. ట్రాక్టరు ఇన్సూరెన్సు, బంగారం లోను గడువు, జేజి కంటి పరీక్ష, పిల్లల ఫీజు ఆఖరు తేదీ లాంటివి. అన్నీ ఎక్కిస్తే పొద్దస్తమానం మోగి, ఆఖరికి దేన్నీ పట్టించుకోం.

5. తిథితో వచ్చేవాటికి “ప్రతి ఏటా” నొక్కొద్దు.
పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, బండి ఇన్సూరెన్సుకు “ప్రతి ఏటా” పెడితే సరిపోతుంది. నాయన తద్దినానికి పెడితే తప్పుతుంది. 2025లో వినాయక చవితి ఆగస్టు 27, 2026లో సెప్టెంబరు 14. మధ్యలో అధిక జ్యేష్ఠం రావడంతో పండగ సెప్టెంబరుకు జరిగింది. తద్దినాలూ అట్లాగే జరుగుతాయి. ఫోన్ పాత తేదీకే మోగుతుంది, మనం దాన్ని నమ్మి పురోహితుడికి చెప్పడం మరిచిపోతాం.
ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఆ ఏటి తద్దినాలు, నోములు, ఊరి దేవర తేదీలు ఫోన్‌లో ఎక్కించండి. పేరులోనే తిథి రాయండి: “అబ్బ తద్దినం, మార్గశిర బహుళ పంచమి” అని. వచ్చే ఏడు దాన్నే చూసి కొత్త తేదీ వేసుకోవచ్చు. గోడ క్యాలెండర్‌లో ఉండేది మామూలుగా సూర్యోదయానికి ఉన్న తిథి. తద్దినానికి చూసేది అపరాహ్ణంలో ఉన్న తిథి. రెండూ ఒక్కోసారి ఒకరోజు తేడాగా పడతాయి. అధిక మాసం వచ్చిన ఏడు తికమక ఇంకా ఎక్కువ. కాబట్టి ఎక్కించే ముందు పురోహితుణ్ణి ఒక మాట అడగండి. కబురు పెట్టడానికి పది రోజుల ముందు ఒకటి, సరుకులు తెచ్చుకోవడానికి రెండు రోజుల ముందు ఒకటి, రెండు నోటిఫికేషన్లు పెట్టండి.

6. నెలనెలా 24వ తేదీ.
తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు సాధారణంగా మూడు నెలల ముందు, 24వ తేదీ ఉదయం 10 గంటలకు వదులుతారు. ఆర్జిత సేవల లక్కీ డిప్ నమోదు అంతకంటే ముందే, 18వ తేదీన మొదలవుతుంది. ఈ రెంటికీ క్యాలెండర్‌లో “ప్రతి నెలా” పెట్టుకోవచ్చు. టీటీడీ అప్పుడప్పుడూ తేదీలు మారుస్తుంది కనుక ముందుగా పేపరులో వచ్చే ప్రకటన చూసి సరిచేసుకోండి. అసలు కిటుకు ఆ రోజు ఉదయం కాదు, 23వ తేదీ సాయంత్రం. ఇంట్లో అందరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, వయసు, ఆధార్ నంబర్లు ఒక నోట్‌లో రాసిపెట్టుకోండి, లాగిన్ అవుతోందో లేదో ఒకసారి చూడండి. పది దాటాక బీరువాలో ఆధార్ కార్డులు వెతుక్కుంటూ కూర్చుంటే టికెట్లు మన కోసం ఆగవు.

7. కాణిపాకం 21 రోజులు ముందే గుర్తు పెట్టుకోండి.
మన ఐరాల మండలంలో ఉన్నవాళ్లకు ఇది ప్రత్యేకం. చవితి నుంచి 21 రోజులు వరసిద్ధి వినాయకుడి బ్రహ్మోత్సవాలు. 2026లో అయితే సెప్టెంబరు 14 నుంచి. ఆ రోజులన్నింటినీ కలిపి క్యాలెండర్‌లో ఒకే పట్టీగా “ఆల్ డే” పెట్టండి. ఇంటినిండా చుట్టాలు, దారినిండా బండ్లు. చిత్తూరు ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్, రిజిస్ట్రేషన్ ఆఫీసు పని ఆ రోజుల్లో పెట్టుకునేలోపే కళ్లబడుతుంది. ఉభయం ఉన్న ఇంటివాళ్లకు చెప్పక్కర్లేదు.

8. మోగుతుందో లేదో ఒకసారి పరీక్ష పెట్టండి.
చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా చేస్తామంటూ క్యాలెండర్‌ను నిద్రపుచ్చుతాయి. సెట్టింగ్స్‌లో క్యాలెండర్ యాప్‌కు బ్యాటరీ “అన్‌రెస్ట్రిక్టెడ్” పెట్టండి. పది నిమిషాల తర్వాతకు ఉత్తుత్తి కార్యక్రమం ఒకటి పెట్టి, ఫోన్ పక్కన పడేసి చూడండి. ఒకసారి ఎక్కించింది సిగ్నల్ లేకున్నా మోగుతుంది. కొండవార పొలాల్లో ఉండేవాళ్లు దిగులుపడనక్కర్లేదు. తప్పితే కొంప మునిగే వాటికి మాత్రం గడియారం అలారమే పెట్టుకోండి.

9. ఫ్యామిలీ క్యాలెండర్ పెట్టండి.
కొడుకు బెంగళూరులో, కూతురు చెన్నైలో, అమ్మానాన్న ఇక్కడ. డాక్టరు తేదీ అమ్మకే తెలుసు, డబ్బు కట్టేది కొడుకు. గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూపు పెడితే ఆరుగురి దాకా చేరొచ్చు, ఫ్యామిలీ అనే క్యాలెండర్ దానంతటదే వస్తుంది. కొడుకు అక్కడ ఎక్కించింది అమ్మ ఫోన్‌లో ఇక్కడ కనపడుతుంది. ఎక్కించేటప్పుడు పైన ఏ క్యాలెండర్ ఎంచుకున్నారో చూడాలి. సొంతదాంట్లో వేసి “చెప్పాను కదా” అని పోట్లాడే కొడుకులు ప్రతి ఇంట్లో ఉన్నారు.

10. తూకం చీటీ మీకు మీరే మెయిల్ చేసుకోండి.
2025 మామిడి కాలం గుర్తుంది కదా. తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. టోకెన్లకు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ తర్వాత డబ్బు కోసం ఎదురుచూపులు. అట్లాంటప్పుడు రైతు చేతిలో ఉండే ఆధారం చీటీ ముక్క ఒక్కటే, అదీ చెమటకు తడిసి చొక్కా జేబులో ఉతుక్కుపోయేది. చీటీ చేతికి రాగానే, లోడు దిగిన చోటే, బండి బానెట్ మీద పరిచి ఫోటో తీయండి. తేదీ, బరువు, బండి నంబరు మూడూ కనపడాలి. మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. సబ్జెక్టులో తెలుగులోనే “మామిడి తూకం 2026 జూన్” అని కొట్టండి. జీమెయిల్ తెలుగు మాటలనూ వెతికి ఇస్తుంది. వాట్సాప్‌లో పెడితే నెల తిరిగేలోపు పైకి జరిపి జరిపి వేలు నొప్పెడుతుంది. పాల సొసైటీ చీటీలకు, ఎరువుల బిల్లులకు, ఈ-పంట రసీదుకు ఇదే పద్ధతి.

11. చెత్త మెయిళ్లు, దొంగ మెసేజీలు.
ఎప్పుడో ఒక చీర కొన్న పాపానికి రోజూ మెయిల్ పంపే కంపెనీలకు, మెయిల్ పైభాగంలో వచ్చే “అన్‌సబ్‌స్క్రైబ్” నొక్కండి. స్పామ్‌లో పడినవాటిలో మాత్రం ఏ లింకూ నొక్కొద్దు. ఎస్సెమ్మెస్‌లకు 2025 మే నుంచి ఒక గుర్తు వచ్చింది. పంపినవాళ్ల పేరు చివర గీత పెట్టి ఇంగ్లీషు అక్షరం ఉంటుంది: జి అంటే ప్రభుత్వం, టి అంటే లావాదేవీ, ఎస్ అంటే సేవ, పి అంటే ప్రచారం. పది అంకెల నంబర్ నుంచి “పీఎం కిసాన్ డబ్బు ఆగింది” అని వస్తే నమ్మొద్దు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే, పంపింది సొంత బావమరిది అయినా తెరవొద్దు, అతని ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

12. మన మిత్ర నంబర్ సేవ్ చేసుకోండి.
95523 00009. 2025 జనవరి 30న మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ ఇది. హాయ్ అని పెడితే సేవల వరస వస్తుంది. కరెంటు బిల్లు, సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు అందులోనే. వచ్చిన పీడీఎఫ్‌ను వెంటనే మెయిల్‌కు పంపుకోండి, 10వ చిట్కాలో చెప్పినట్టే.

13. సరుకుల జాబితా నోటితో చెప్పండి.
గూగుల్ కీప్‌లో చెక్‌లిస్టు తెరిచి, కీబోర్డు తెలుగులో పెట్టి, మైకు నొక్కి “కందిపప్పు రెండు కిలోలు” అంటే అదే రాసుకుంటుంది. మన యాసకు కొన్ని మాటలు తప్పు పడతాయి. శెనక్కాయలు అంటే ఏమి రాస్తుందో చూసి నవ్వుకోండి. ఆ నోట్‌లో ఇంటాయనను కూడా చేర్చితే, సంతలో ఉన్నవాడు కొన్నవి కొట్టేస్తుంటే ఇంట్లో కనపడుతుంది.

14. కొత్త యాప్‌లు వేయకండి.
పని చక్కబెడతామంటూ వచ్చేవన్నీ డబ్బో సమాచారమో అడిగేవే. మెయిల్, క్యాలెండర్, కీప్ చాలు.

15. అమెరికాలో ఎవరైనా ఉంటే.
అక్కడ చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. 2026లో అది నవంబరు 1. వీడియో కాల్‌కు క్యాలెండర్‌లో మన టైముకే కార్యక్రమం పెట్టి వాళ్లను అందులో చేర్చితే వాళ్ల ఫోన్‌లో వాళ్ల టైమే చూపిస్తుంది, లెక్క వేసుకునే పని ఉండదు. ఇక్కడి ఉదయం 7 గంటలు పెట్టుకుంటే వాళ్లకు ముందురోజు సాయంత్రమో రాత్రో అవుతుంది. పాలు పోసి వచ్చాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.