ఇంట చేసిన ధ్వనివర్ధకమునకు లోహపు పెట్టె

మన విద్యార్థులలో కొందరు చిన్న ధ్వనివర్ధకములను, అనగా ఆంప్లిఫయర్లను, తమ చేతులతోనే కూర్చుకొనుచుండుట మాకు మిక్కిలి సంతోషకరము. పటమును చూచి భాగములను బోర్డుపై అతికించుటకు ఒక సాయంకాలము చాలును. పాట వినబడినంతనే పని ముగిసినదని తలంచి, ఇంట నున్న ఏదో యొక డబ్బాలో దాని నమర్చుదురు. పెట్టె అలంకారము కొరకే గదా యని వారి యభిప్రాయము. ఈ యభిప్రాయము పొరపాటని తెలుపుటయే ఈ పాఠము యొక్క యుద్దేశము.

మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో ఒక బాలుడు బిస్కత్తుల రేకు డబ్బాలో ఆంప్లిఫయరు నమర్చి విజ్ఞాన ప్రదర్శనమునకు దెచ్చెను. దాని స్వరము బహు శ్రావ్యముగా నుండెను. మేము విని, మెచ్చి, బహుమానమునకు సిఫారసు చేసితిమి. మూత తీసి చూడలేదు. నాటి సాయంకాలము వాన కురిసెను. తడినేలపై వట్టి కాళ్లతో నిలిచి డబ్బాను జరుపబోయిన మరియొక బాలుడు కెవ్వున కేకవేసి వెనుకకు పడెను. చేయి విడివడుటచేత బ్రతికెను. పిమ్మట మూత తీసి చూడగా, కరెంటు తీగ డబ్బా రంధ్రపు వాడి అంచున ఒరసి, పైతొడుగు తెగి, రేకును తాకుచుండెను. ప్లగ్గునకు రెండు కాళ్లే గలవు. చేసిన బాలుని తప్పుకంటె చూడక మెచ్చిన మా తప్పే గొప్పది. అందుచేతనే ఇది వ్రాయుచున్నాము.

పెట్టె చేయవలసిన పనులు మూడు: ప్రాణమును కాపాడుట, వేడిని బయటికి పంపుట, రొదను లోనికి రానీయకుండుట. వీనిని వరుసగా విచారింతము.

1. ప్రాణరక్షణ

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఎర్తు లేని లోహపు పెట్టెకు కరెంటు తీగ తగిలినయెడల వెంటనే ఏమియు జరుగదు. పాట సాగుచునే యుండును. కాని దానిని తాకిన మనుష్యుని శరీరము యొక్క నిరోధము 1500 ఓములని యనుకొన్న, 230ని 1500చే భాగింపగా సుమారు 0.15 ఆంపియరు అతని గుండా పారును. ఇది ప్రాణము తీయుటకు చాలును. 1 ఆంపియరు ఫ్యూజు మాత్రము ఇంత స్వల్ప ప్రవాహమునకు కరగదు. కాబట్టి ఫ్యూజు ఒక్కటియే మనుష్యుని కాపాడునని నమ్మరాదు.

అదే పెట్టెకు ఎర్తు తీగ బిగించియున్నచో కథ మారును. ఎర్తు మార్గపు నిరోధము 50 ఓములే యైనను 4.6 ఆంపియర్లు పారి, 1 ఆంపియరు ఫ్యూజు కరగిపోవును. మనుష్యుడు తాకకముందే యంత్రము ఆగును. ఇంటి మీటల పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవు ఆర్.సి.సి.బి. యుండిన మరియు మేలు.

కావున ఈ నియమములను తప్పక పాటింపవలయును. ప్లగ్గు మూడు కాళ్లది కావలయును. ఫ్యూజు ఫేజు తీగలో, తీగ లోనికి వచ్చిన చోటనే యుండవలయును. ఎర్తు తీగకు ప్రత్యేకముగా ఒక బోల్టు నియమింపవలయును. మరి దేనినైనను బిగించుటకు ఆ బోల్టును వాడరాదు. బోల్టు క్రింద రంగును గీకి లోహమును బయటపెట్టి, పండ్ల వాషరు వేసి బిగింపవలయును. రంగు విద్యుత్తును పారనీయదు. ఆనోడైజు చేసిన అల్యూమినియముపై పొర కూడ అట్టిదే. మూతకును వేరుగా ఎర్తు తీగ ఉండుట మంచిది. తీగ దూరు ప్రతి రంధ్రమునకు రబ్బరు గ్రోమెట్టు తొడుగవలయును. ఆనాడు ఆ చిన్న రబ్బరు ముక్క యొకటి యుండిన ఆ బాలుడు పడియుండడు.

2. వేడి

టి.డి.ఎ. 2030 అను ఐ.సి.ని ఉదాహరణముగా దీసికొందము. దానికి ధన ఋణ పార్శ్వములయందు 14 వోల్టుల చొప్పున ఇచ్చి, 4 ఓముల స్పీకరు తగిలించితిమనుకొనుడు. అధికపక్షమున అందు వేడిగా మారు శక్తికి సూత్రమిది: వోల్టుల వర్గమును రెండింతలు చేసి, పై వర్గముతోను స్పీకరు నిరోధముతోను భాగింపవలయును. 14 వర్గము 196, రెండింతలు 392, దానిని 39.5చే భాగింప సుమారు 10 వాట్లు.

వేసవిలో కృష్ణా గుంటూరు సీమలలో గాలియే 40 డిగ్రీలుండును. పెట్టె గోడ చేతితో తాకదగియుండుటకు 60 డిగ్రీలు మించకుండవలయు ననుకొందము. అనగా 10 వాట్లకు 20 డిగ్రీల హెచ్చు. వాటుకు 2 డిగ్రీలు. ఇట్టి హీట్ సింకునే కోరి కొనవలయును. ఇక ఐ.సి. లోపలి వేడి యెంత? అభ్రకపు రేకునకు వాటుకు 1 డిగ్రీ చొప్పున 10, ఐ.సి. తొడుగునకు వాటుకు 3 చొప్పున 30. మొత్తము 60కి 40 చేర్చగా 100 డిగ్రీలు. దానికి హద్దు 150 గనుక క్షేమమే.

అభ్రకపు రేకు ఏల? ఈ ఐ.సి. వెనుకనున్న లోహపు పలక ఋణ వోల్టేజితో కలిసియుండును. దానిని ఎర్తు చేసిన పెట్టెకు తిన్నగా బిగించిన షార్టగును. అభ్రకము విద్యుత్తును ఆపి వేడిని పోనిచ్చును. ఇరువైపుల తెల్లని ఉష్ణలేపనమును పలుచగా పూయవలయును. మరకును ప్లాస్టిక్కు తొడుగు కావలయును.

లోహములలో అల్యూమినియము ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేయును. బరువు ఇనుములో మూడవవంతే. కాని మెరుగుపెట్టిన అల్యూమినియము వేడిని వికిరణము చేయుటలో మిక్కిలి వెనుకబడును. ఆనోడైజు చేసినదియో, నల్లరంగు వేసినదియో దానికంటె ఎన్నో రెట్లు మేలు. హీట్ సింకు రెక్కలు నిలువుగా నుండవలయును. వేడిగాలి పైకి పోవును గదా. పెట్టె అడుగున కొన్ని రంధ్రములును, పైన కొన్నియు పెట్టి, క్రింద 10 మిల్లీమీటర్ల కాళ్లు బిగించిన, గాలి పొగగొట్టములో వలె తనంతట ప్రసరించును. రంధ్రములు 3 మిల్లీమీటర్లు మించరాదు. పెద్దవైనచో పిల్లల వ్రేళ్లును, మన యిండ్లలో బొద్దింకలు బల్లిపిల్లలును లోనికి దూరును.

3. రొద

1836లో మైకేల్ ఫారడే లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 12 అడుగుల ఘనాకారపు గదిని నిర్మించి, లోహముతో గప్పి, బయట నెంత విద్యుత్తు ప్రయోగించినను లోపల దాని ప్రభావము లేకుండుటను జూపెను. మన లోహపు పెట్టెయు నట్టి గదియే. ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు మొదలగు వాని విద్యుత్ క్షేత్రములను అది చాలవరకు ఆపును. చెక్కపెట్టె ఆపజాలదు.

అయితే ట్రాన్స్‌ఫార్మరు యొక్క అయస్కాంత క్షేత్రమును అల్యూమినియపు రేకు ఆపలేదు. దానికి మందు దూరమే. దూరము రెండింతలైన ఆ క్షేత్రము సుమారు ఎనిమిదవవంతునకు తగ్గును. కావున ట్రాన్స్‌ఫార్మరు ఒక మూల, స్వరము లోనికి వచ్చు సాకెట్లు ఎదుటి మూల నుండవలయును. గుండ్రని టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మరు తక్కువ క్షేత్రమును వెలువరించును. కాని జాగ్రత్త: దాని నడుమ దూరు బోల్టు అడుగు రేకును, పై మూతను రెంటిని తాకరాదు. తాకినచో బోల్టును పెట్టెయు కలిసి ఒక చుట్టు షార్టయిన తీగయగును. పెద్ద ప్రవాహము పారి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును.

స్పీకరులో వినవచ్చు రొద 50 ఆవృత్తులదైన ఎర్తు తీగలు రెండు దారుల చుట్టుకొన్నవని అనుమానింపవలయును. 100 ఆవృత్తులదైన దిష్టీకరణ భాగము నరయవలయును. వలయపు సున్న వోల్టు తీగ పెట్టెను ఒక్క చోటనే కలియవలయును. స్వరపు సాకెట్లను ప్లాస్టిక్కు వాషర్లతో పెట్టెనుండి వేరుచేయవలయును. పెట్టె ఎర్తును మాత్రము రొద తగ్గుటకై ఎన్నడును తీసివేయరాదు. కొందరు పెద్దలే ఈ తప్పు చేయుదురు.

4. కొలతలును మడతయు

మొదట భాగములను బల్లపై పరచి కొలువుడు. ట్రాన్స్‌ఫార్మరు వ్యాసము 100, బోర్డు పొడవు 100, నడుమ ఖాళీ 40, తీగలకు 20 యైన లోపలి పొడవు 260 మిల్లీమీటర్లు. ఎత్తులో మిక్కిలి ఎత్తైన భాగముపైన కనీసము 20 మిల్లీమీటర్లు విడువుడు. తరువాత అట్టముక్కతో నమూనా పెట్టె చేయుడు. అట్టపై తప్పునకు కత్తెర చాలును. రేకుపై తప్పునకు డబ్బు పోవును.

రేకు 16 గేజి, అనగా సుమారు 1.6 మిల్లీమీటర్ల మెత్తని అల్యూమినియము చాలును. గట్టి మిశ్రలోహము మడతలో పగులును. మడత కొంత లోహమును మ్రింగును గాన లెక్క తప్పుచుండును. దీనికి సులభోపాయము కలదు. అదే రేకులో 100 మిల్లీమీటర్ల ముక్కను నడుమ మడచి, రెండు భుజములను బయటినుండి కొలువుడు. మొత్తము 103 వచ్చెనేని, ప్రతి మడతకు 3 మిల్లీమీటర్ల చొప్పున బయటి కొలతల మొత్తమునుండి తీసివేయవలయును.

రంధ్రములన్నియు మడచుటకు ముందే చేయుడు. సెంటరు పంచితో గుర్తుపెట్టి, చిన్న డ్రిల్లుతో మొదలిడి పెద్దది చేసి, ఆకురాయితో అంచులను నునుపు చేయుడు. రేకును చేతితో పట్టుకొని డ్రిల్లు వేయరాదు. అది తిరిగి వ్రేళ్లను కోయును. బిగించి వేయవలయును.

5. పరీక్ష

ప్లగ్గును సాకెట్టులో పెట్టకముందే మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్తు కాలికిని పెట్టె యొక్క ప్రతి ముఖమునకును నడుమ నిరోధము కొలువుడు. అర ఓము మించరాదు. ఫేజు కాలికిని పెట్టెకును నడుమ మాత్రము ఎట్టి సంబంధమును కనబడరాదు. మొదటిసారి 60 వాట్ల తంతు బల్బును ఫేజు తీగలో వరుసగా కలిపి పెద్దల సమక్షమున వెలిగింపుడు. బల్బు క్షణము మెరిసి మందగించిన మంచిది. ప్రకాశించుచునే యుండిన లోపల షార్టు గలదు. ఆపినపిదప కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును గాన, కొలిచి చూడక చేయి పెట్టరాదు.

తలిదండ్రులకు ఒక విన్నపము. మీ కుమారుడు, కుమార్తె తాము చేసిన యంత్రమును దెచ్చి పాట వినిపించినప్పుడు సంతోషింపుడు. పిదప ప్లగ్గు తీసి, మూత తెరచి చూపుమని యడుగుడు. మేమును ఇకమీదట ప్రదర్శనములయందు మూత తెరువక ఏ యంత్రమునకును మార్కులు వేయము. పాట చెవికి ఇంపుగా నున్నదా యను ప్రశ్న రెండవది. తాకిన చేయి క్షేమముగా నుండునా యనునది మొదటిది.